ముందు చక్రం బ్రేకు డిస్కు స్క్రూ ఒకటి లేదు, రెండోది వదులు: బండి తియ్యొచ్చా?

వశిష్ట ఒడ్డు, సఖినేటిపల్లి
శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది 2006 హోండా సిటీ జడ్‌ఎక్స్. నాన్నగారు కొన్న బండి, ఆయన పోయాక నేను నడుపుతున్నాను. ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. పది రోజుల నుంచి ముందు ఎడమ చక్రం దగ్గర టక్ మని చప్పుడు వస్తోంది. ముందుకు వెళ్తూ బ్రేకు తొక్కితే ఒక్కసారి టక్. రివర్సులో తొక్కితే మళ్లీ ఒక్కసారి. అదే దిశలో రెండోసారి తొక్కితే రాదు. మామూలుగా రోడ్డు మీద వెళ్తుంటే ఏ చప్పుడూ లేదు, బండి పక్కకి లాగడమూ లేదు.

నిన్న నరసాపురంలో పెళ్లికి బయల్దేరాం. పంటు (బండ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించడానికి రేవు వాలులో నెమ్మదిగా దింపుతున్నాను. ముందు చక్రాలు ఇనుప రేకు మీదకి ఎక్కగానే బ్రేకు తొక్కాను. టక్. ఈసారి పెడల్ కింద కాలికి కూడా తెలిసింది. వెనక సీట్లో మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. ఎదురుగా గోదావరి. ఒళ్లు చల్లబడిపోయింది. పంటు వాళ్లకి చెప్పి బండి వెనక్కి తీసేసి, రేవులోనే ఓ పక్కన పెట్టి, మనుషులం మాత్రం దాటాం. సాయంత్రం మెల్లగా ఇంటికి తెచ్చుకున్నాను.

ఇవాళ చక్రం విప్పి చూశాను. డిస్కు మీద నట్ల మధ్యలో రెండు చిన్న స్క్రూలు ఉండాలి కదా, ఒకటి అసలు లేదు, ఖాళీ కన్నం. రెండోది వేలితో తిప్పితే తిరుగుతోంది. డిస్కు చేత్తో పట్టుకుంటే ఊగుతోంది. ఫోన్ చేస్తే మా మెకానిక్ "ఏం పర్లేదండీ, ఆ స్క్రూలు ఉన్నా లేకపోయినా ఒకటే, చక్రం బిగించేసి తిరగండి" అన్నాడు. మా మావయ్య మాత్రం "డిస్కు ఊడితే ఇంక బ్రేకెక్కడిది, బండి ముట్టుకోకు" అంటున్నారు. ఎవరి మాట వినాలి? సోమవారం అమ్మని పాలకొల్లు కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. దిండి, చించినాడ వంతెన మీదుగా వెళ్లే రోడ్డు. చాలా టెన్షన్‌గా ఉంది.


కొబ్బరితోట, అంబాజీపేట
శనివారం రాత్రి 9:25

అమ్మగారిని బస్సులో గానీ, అద్దె కారులో గానీ తీసుకెళ్లండి. సంగతి తేలేదాకా బండి కదపొద్దు.


హైవే 16, రావులపాలెం
శనివారం రాత్రి 9:41

మీ మెకానిక్ చెప్పింది నిజమేనండి. నా పాత సివిక్‌కి రెండు స్క్రూలూ లేవు. మొదటిసారి డిస్కులు మార్చినప్పుడు తుప్పు పట్టి రాకపోతే డ్రిల్లు చేసి తీసేశారు. రెండేళ్లు హైదరాబాద్, విజయవాడ తిరిగాను. ఏమీ కాలేదు. అనవసరంగా భయపడుతున్నారేమో. చక్రం గట్టిగా బిగించి చూడండి.


షెడ్డు బాబాయ్, తణుకు
శనివారం రాత్రి 10:30

బాబూ, నేను 1989 నుంచి షెడ్డు నడుపుతున్నాను. కొంచెం వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదువు.

నీ బండిలో డిస్కు టోపీలా హబ్ మీద, అంటే చక్రాన్ని బిగించే తిరిగే దిమ్మ మీద, తొడుక్కుని ఉంటుంది. దాని మీద చక్రం కూర్చుంటుంది. నాలుగు వీల్ నట్లు బిగిస్తే హబ్, డిస్కు, చక్రం మూడూ ఒకే దిమ్మలా నొక్కుకుపోతాయి. బ్రేకు వేసినప్పుడు పడే బలాన్ని ఆ నొక్కుడే మోస్తుంది. నువ్వు చూసిన స్క్రూలు 6 ఎం.ఎం. మరవి, వాటి బిగింపు 10 న్యూటన్ మీటర్ల లోపు. ఒక్కో వీల్ నట్టు బిగింపు 108. దాన్నిబట్టే ఏది బండిని ఆపుతోందో తెలుస్తుంది. ఫ్యాక్టరీలో చక్రం ఎక్కించే దాకా డిస్కు జారిపోకుండా పట్టుకోవడానికి పెట్టిన స్క్రూలవి. చక్రం విప్పాక, స్క్రూలు కూడా లేనప్పుడు డిస్కు చేతికి ఊగడంలో వింత లేదు. కాబట్టి మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు.

కానీ అతను సగమే చెప్పాడు. నీకు చప్పుడు వచ్చింది చక్రం బిగించి ఉన్నప్పుడు. చక్రం బిగించి ఉంటే, స్క్రూలు లేకపోయినా డిస్కు వెంట్రుకవాసి కూడా కదలకూడదు. మరి కదిలిందేమిటి? అది తెలియకుండా బండి తియ్యకూడదు.

దిశ మారినప్పుడల్లా ఒక్కసారే టక్ మంటోందంటే, బ్రేకు బలానికి ఏదో ఒకటి ముందుకీ వెనక్కీ జరుగుతోందన్నమాట. డిస్కుని నొక్కే ప్యాడ్లకి రెండు చివర్లా వేసే రేకు క్లిప్పులు పోతే ప్యాడ్ జరిగి అలా కొడుతుంది. దాంతో పెద్ద ప్రమాదం లేదు. వీల్ నట్లు వదులైతే అలా కొడుతుంది, అది ప్రమాదం. ప్యాడ్లని డిస్కుకి నొక్కేది క్యాలిపర్, దాన్ని మోసే బ్రాకెట్‌ని నకుల్‌కి (హబ్‌ని పట్టి ఉంచే ఇనుప దిమ్మకి) పట్టే రెండు పెద్ద బోల్టుల్లో ఒకటి వదులైతే అలా కొడుతుంది, అది అన్నిటికన్నా ప్రమాదం. చక్రాన్ని కింద నుంచి పట్టుకునే ఆర్మ్‌లోని రబ్బరు బుష్ పోయినా అలాంటి చప్పుడే వస్తుంది.

నువ్వు చక్రం విప్పేటప్పుడు నట్లు గట్టిగా ఉన్నాయా, సులువుగా వచ్చేశాయా? ఈ మధ్య ఆ వైపు బ్రేకు పని ఏమైనా చేయించావా? ఈ రెండూ ముందు చెప్పు.


వశిష్ట ఒడ్డు, సఖినేటిపల్లి
శనివారం రాత్రి 10:48

నట్లు చాలా గట్టిగా ఉన్నాయి బాబాయ్ గారూ, పానా మీద కాలు పెట్టి తొక్కాల్సి వచ్చింది. బ్రేకు పని అంటే, రెండు నెలల క్రితం బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతోందని డిస్కులు రెండూ విప్పి, ముఖం చెక్కి సమం చెయ్యడానికి లేత్ మీద పెట్టించారు. ప్యాడ్లు కూడా అప్పుడే మార్చారు. వేరే షెడ్డు, ఫోన్లో మాట్లాడిన మెకానిక్ కాదు.


షెడ్డు బాబాయ్, తణుకు
శనివారం రాత్రి 10:57

అలా అయితే నా అనుమానం బ్రాకెట్ మీదే. ఒట్టి ప్యాడ్లు మార్చేటప్పుడు ఆ బోల్టులు విప్పే పని లేదు, క్యాలిపర్ పిన్ను బోల్టు తీసి పైకెత్తితే చాలు. డిస్కు బయటికి రావాలంటే మాత్రం బ్రాకెట్ తియ్యాల్సిందే. రెండు నెలల క్రితం ఆ బోల్టులు విప్పారు. తిరిగి ఎలా బిగించారో ఎవరికీ తెలియదు. మీ స్క్రూ కూడా అప్పుడే మాయమై ఉంటుంది.

రేపు వెలుతురులో చూడు. రాత్రి వద్దు. మన నేల మెత్తన, జాకీ కుంగుతుంది. కింద వెడల్పాటి చెక్క వెయ్యి, కొబ్బరి దుంగ ముక్కయినా సరే. వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందకి తల పెట్టొద్దు, స్టాండు పెట్టు, లేదంటే విప్పిన చక్రాన్ని బండి కిందకి తోసి ఉంచు.

చక్రం తీశాక, రెండు నట్లకి కింద వాషర్లు వేసి, ఎదురెదురుగా డిస్కు మీదే బిగించు. ఇప్పుడు డిస్కు పట్టుకుని ఊపు. కదలకపోతే డిస్కు మీద అనుమానం తీసెయ్. తర్వాత క్యాలిపర్‌ని రెండు చేతులా పట్టుకుని ఊపు. లోపలికీ బయటికీ కొద్దిగా జరగడం మామూలే, దాని కట్టుబడే అంత. పైకీ కిందకీ గానీ, చక్రం తిరిగే వైపు గానీ టక్ మని కదిలితే మామూలు కాదు. చివరికి స్టీరింగ్ ఒక పక్కకి పూర్తిగా తిప్పి, వెనక నుంచి రెండు బోల్టులకీ 17 సైజు రింగు పానా వేసి చూడు.


జీపు మనిషి, రాజోలు
ఆదివారం ఉదయం 6:20

అడ్డు వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. హైవే 16 గారు "స్క్రూలు లేకపోయినా పర్లేదు" అన్నది చదివి వేరే బండి ఉన్నవాళ్లు మోసపోయే ప్రమాదం ఉంది. అన్ని బండ్లలోనూ డిస్కు బయట నుంచి తొడగరు. కొన్ని పాత బండ్లలో, ముఖ్యంగా జీపు రకం వాటిలో, డిస్కు హబ్ వెనక వైపు ఉంటుంది. దాన్ని హబ్‌కి బోల్టులతో బిగిస్తారు. అక్కడ చక్రం బిగించినా డిస్కుకి ఏమీ సాయం ఉండదు. బ్రేకు బలమంతా ఆ బోల్టులే మొయ్యాలి. వాటిలో ఒక్కటి వదులైనా మిగతావి ఒకదాని తర్వాత ఒకటి తెగుతాయి.

మా పాత జీపులో అలాగే రెండు బోల్టులు తలలు తెగి హబ్‌లో మిగిలిపోయాయి. అంతకు నెల ముందు నుంచీ గరగర మంటూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. అందుకని తలకి ప్లస్ గాడి ఉన్న చిన్న స్క్రూ వేరు, వెనక నుంచి వచ్చే పెద్ద బోల్టు వేరు. మీ బండిలో ఏది ఉందో కళ్లతో చూశాకే ఇక్కడి సలహా పాటించండి.


హైవే 16, రావులపాలెం
ఆదివారం ఉదయం 7:05

నిజమే. నా బండి సంగతి చెప్పాను గానీ అందరికీ వర్తిస్తుందన్నట్టు రాశాను. చప్పుడు విషయం కూడా ఆలోచించలేదు. నా బండికి ఎప్పుడూ చప్పుడు రాలేదు. వశిష్ట గారూ, "చక్రం బిగించి చూడండి" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, దయచేసి బండి నడపకండి.


ఉప్పుగాలి, అంతర్వేది
ఆదివారం ఉదయం 8:15

స్క్రూలు అసలు అక్కర్లేదా అంటే, మా బండి అనుభవం చెబుతాను. మాది సముద్రానికి దగ్గర. పైగా 2022 జూలై వరదలో బండి రెండు రోజులు హబ్ దాకా నీళ్లలో ఉంది. రోడ్డు మీద రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు సరేసరి. మా దగ్గర హబ్ ముఖం మీద తుప్పు పొరలు పొరలుగా లేస్తుంది.

స్క్రూలు లేకపోతే ఏమవుతుందంటే, పంక్చరైనప్పుడు చక్రం విప్పగానే డిస్కు వాలుతుంది. ఆ సందులోకి తుప్పు పెచ్చు ఒకటి జారి పడుతుంది. మనం చూడకుండా చక్రం బిగించేస్తాం. ఇంక డిస్కు వంకరగా కూర్చున్నట్టే. డిస్కు తిరిగేటప్పుడు పక్కకి ఊగడం హోండా లెక్కలో 0.10 ఎం.ఎం. దాటకూడదు. తుప్పు పెచ్చు ఒక్కటి చాలు దాన్ని దాటడానికి. మొదట్లో ఏమీ తెలియదు. వేల కిలోమీటర్లు తిరిగాక బ్రేకు తొక్కితే స్టీరింగ్ వణుకుతుంది. నేను రెండుసార్లు డిస్కులు లేత్ మీద పెట్టించాను, రెండుసార్లూ మళ్లీ వణుకు వచ్చింది. మూడోసారి వేరే కుర్రాడు హబ్ ముఖాన్ని ఇనుప బ్రష్షుతో తళతళలాడేదాకా రుద్ది, అదే డిస్కు పెట్టాడు. వణుకు పోయింది. డిస్కు తప్పు కాదు, దాని వెనక ఉన్న తుప్పుది తప్పు.

వశిష్ట గారి బండికి లేత్ పని చేసినవాళ్లు హబ్ శుభ్రం చేశారో లేదో అది కూడా చూసుకోండి.


వశిష్ట ఒడ్డు, సఖినేటిపల్లి
ఆదివారం మధ్యాహ్నం 12:10

దొరికింది. ఇంకా చేతులు వణుకుతున్నాయి.

బాబాయ్ గారు చెప్పినట్టే రెండు నట్లు డిస్కు మీదే బిగించి ఊపాను. రాయిలా ఉంది. తర్వాత క్యాలిపర్ పట్టుకుని కిందకి నొక్కాను. టక్. పైకి లేపాను. టక్. పది రోజులుగా వింటున్న చప్పుడు అదే, నా చేతుల్లోనే వచ్చింది.

వెనక నుంచి పై బోల్టుకి పానా వేశాను, కదల్లేదు. కింది బోల్టుకి పానా తగిలించానో లేదో, బలం పెట్టకుండానే తిరిగింది. పానా పక్కన పెట్టి వేళ్లతో తిప్పాను. నాలుగు చుట్లకే బయటికి వచ్చేసింది. మరల మధ్య ఎర్రగా సన్నటి పొడి, పసుపు కుంకుమ కలిపినట్టు. బోల్టు తల కింది అంచు మాత్రం అద్దంలా మెరుస్తోంది, రోజుల తరబడి రాసుకుని రాసుకుని అరిగిపోయింది. ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఉంటే రోడ్డు మీదే పడిపోయేది. ఎక్కడో మలికిపురం రోడ్డు మీద పడినా నాకు తెలిసేది కాదు.

పిల్లలు పక్కనే నిలబడి చూస్తున్నారు. పెద్దమ్మాయి ఆ బోల్టు చేతిలోకి తీసుకుని "ఇదేనా నాన్నా చప్పుడు" అంది. నాకు మాట రాలేదు.

ఇప్పుడు ఇదే బోల్టు మళ్లీ బిగించేసి నడపొచ్చా?


షెడ్డు బాబాయ్, తణుకు
ఆదివారం మధ్యాహ్నం 12:40

నడపొద్దు. అరిగిన బోల్టు మళ్లీ వేస్తే బిగింపు నిలవదు. పై బోల్టు కూడా ఇన్నాళ్లూ ఒక్కటే భారం మోసింది, బయటికి గట్టిగా కనిపించినా దాన్నీ మార్చాలి. రెండూ కొత్తవి, కంపెనీవే వెయ్యండి. బజార్లో అదే లావు దొరికిందని పొడవు తేడాగా ఉన్నవి గానీ, బలం తెలియని మామూలు బోల్టులు గానీ వెయ్యొద్దు. నకుల్ లోపలి మరలు కూడా చూడాలి. కొత్త బోల్టు చేత్తో సాఫీగా చివరిదాకా ఎక్కాలి. మధ్యలో పట్టేసినా, పక్కకి ఊగినా మర దెబ్బతిన్నట్టు, అప్పుడు సంగతి వేరు.

ఆ బోల్టు పడిపోతే ఏమయ్యేదో అందరూ తెలుసుకోవాలని రాస్తున్నాను. క్యాలిపర్ మిగిలిన ఒక్క బోల్టు చుట్టూ తిరుగుతుంది. బ్రేకు తొక్కగానే డిస్కు దాన్ని తనతో పాటు లాక్కుపోతుంది. వెళ్లి చక్రం లోపలి అంచుకి గుద్దుకుంటుంది. చక్రం పట్టేస్తే బండి ఒక పక్కకి తిరిగిపోతుంది. గట్టు రోడ్డు మీద పక్కకి అంటే కాలవే. లేదంటే రబ్బరు హోసు తెగి ఆయిల్ అంతా కారిపోతుంది. ఇలాంటి బండ్లలో బ్రేకు రెండు భాగాలుగా, ఓ ముందు చక్రం దాని మూలగా ఉన్న వెనక చక్రంతో కలిపి ఉంటుంది కాబట్టి సగం బ్రేకు మిగులుతుంది, కానీ పెడల్ ఒక్కసారిగా లోపలికి పోతుంది. అలాంటప్పుడు కంగారు పడకుండా పెడల్ గట్టిగా తొక్కి పట్టి, గేరు తగ్గిస్తూ, హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగాలి. హ్యాండ్ బ్రేకు కేబుల్ మీద పనిచేస్తుంది, ఆయిల్ పోయినా అది ఉంటుంది.

రేవులో వెనక్కి తీసెయ్యడం మంచి పని చేశావు బాబూ. కుడి చక్రం కూడా విప్పించు. అదే రోజు, అదే చెయ్యి పనిచేసింది.


యానాం రోడ్డు, అమలాపురం
ఆదివారం మధ్యాహ్నం 3:20

ఇదంతా చదివి భయమేసింది. నేను రోజూ ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ ఉద్యోగానికి వెళ్లొస్తాను, మాదీ 15 ఏళ్ల బండే. నా బండికీ గతుకుల్లో చిన్న కటకట ఉంది, బ్రేకు తొక్కితే ఆగిపోతుంది. చక్రం విప్పడం నాకు రాదు. ఇంటి దగ్గర నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా అన్నయ్యలూ?


షెడ్డు బాబాయ్, తణుకు
ఆదివారం సాయంత్రం 4:05

గతుకుల్లో కటకట ఉండి బ్రేకు తొక్కగానే ఆగుతోందంటే ఎక్కువసార్లు ప్యాడ్లే తల్లీ, క్లిప్పులు పోయో, పిన్నుల్లో గ్రీజు ఎండిపోయో ఉంటుంది. అయినా చూడకుండా భరోసా ఇవ్వను. ఖాళీ చోట నడక వేగంతో ముందుకొకసారి, వెనక్కొకసారి బ్రేకు వేసి చూడు, అద్దాలు దించి, పక్కన ఎవరినైనా నిలబెట్టి. దిశ మారినప్పుడల్లా ఒక్క దెబ్బ వినిపిస్తే బండి అక్కడే ఆపి మెకానిక్‌ని ఇంటికి పిలిపించు. వినిపించకపోయినా ఈ వారంలో విప్పించు. విప్పేటప్పుడు నువ్వు దగ్గరుండి "బ్రాకెట్ బోల్టులకి నా ముందు పానా వెయ్యండి" అని అడుగు. ఏ మెకానిక్కూ తప్పు పట్టడు.


వశిష్ట ఒడ్డు, సఖినేటిపల్లి
బుధవారం రాత్రి 8:50

అమ్మని సోమవారం అద్దె కారులో తీసుకెళ్లాను. బోల్టులు, స్క్రూలు రాజమండ్రి నుంచి మంగళవారం వచ్చాయి. రాజోలు నుంచి ఒక మెకానిక్ ఇంటికే వచ్చి ఇవాళ పని చేశాడు, టార్క్ రెంచ్ (ఎంత బిగింపు కావాలో పెట్టుకుని బిగించే పానా) తెచ్చుకున్నాడు.

నకుల్ మరలు బాగానే ఉన్నాయి. కొత్త బోల్టు చేత్తోనే చివరిదాకా వెళ్లింది. రెండింటినీ 108 న్యూటన్ మీటర్లకి బిగించాడు, రెంచ్ టిక్ మన్నప్పుడు నాకు చూపించాడు. బిగించాక బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదకి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాడు. బోల్టు తిరిగితే గీత విరిగి కనిపిస్తుందట. కుడి వైపు బోల్టులు గట్టిగానే ఉన్నాయి, కానీ బిగింపు సమానంగా లేదని వాటినీ మార్చాడు.

ఉప్పుగాలి గారు అన్నది కూడా నిజమైంది. డిస్కు తీస్తే హబ్ మీద తుప్పు పెచ్చులు అలాగే ఉన్నాయి, డిస్కుని లేత్ పెట్టారు గానీ హబ్‌ని ముట్టుకోలేదు. అరగంట రుద్దాడు. మిగిలిన పాత స్క్రూ తల అరిగిపోయి ఉంది, కొత్తవి రెండూ వేశాడు. డిస్కు మందం కూడా కొలిచాడు, డిస్కు మీద చెక్కి ఉన్న కనీస మందం కన్నా ఇంకా ఎక్కువే ఉంది. వీల్ నట్లు ఎదురెదురుగా బిగించి, 80 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ రెంచ్ వెయ్యమన్నాడు.

రెండు నెలల క్రితం పని చేసిన షెడ్డుకి వెళ్లి ఆ బోల్టు చూపించాను. గొడవ పడలేదు. ఇలా మిగతా బండ్లకి జరగకుండా చూడండి అని చెప్పాను. ఆయన బోల్టు చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు, ఆ వారంలో డిస్కులు విప్పిన ఇంకో రెండు బండ్ల వాళ్లకి నా ముందే ఫోన్ చేశాడు.


జీపు మనిషి, రాజోలు
బుధవారం రాత్రి 9:15

ఆ ఫోన్లు చేసినందుకు ఆయనకి నా తరఫున కూడా థ్యాంక్స్ చెప్పండి. తెల్ల గీత సంగతి నాకు తెలియదు, రేపే మా జీపుకి గీయిస్తాను.


యానాం రోడ్డు, అమలాపురం
శుక్రవారం రాత్రి 7:30

నాదీ విప్పించాను. బోల్టులు బాగున్నాయి, నా ముందే పానా వేశారు. కుడి వైపు ప్యాడ్ క్లిప్పు ఒకటి లేదు. కొత్తది వేసి పిన్నులకి గ్రీజు పెట్టారు. కటకట పోయింది. బ్రేకు ఆయిల్ నల్లగా ఉందని అదీ మార్చారు. మూడేళ్లకోసారి మార్చాలట, నేను కొన్నాక ఒక్కసారీ మార్చలేదు.


వశిష్ట ఒడ్డు, సఖినేటిపల్లి
ఆదివారం సాయంత్రం 6:40

80 కిలోమీటర్లు అయ్యాయి. నట్లకి రెంచ్ వేశాను, ఏదీ తిరగలేదు. తెల్ల గీతలు నాలుగూ తిన్నగానే ఉన్నాయి.

పొద్దున్న నేనొక్కణ్ణే బండి తీసుకుని రేవుకి వెళ్లాను. వాలులో మూడుసార్లు ఆపి చూశాను. ఏ చప్పుడూ లేదు. పంటు మీదకి ఎక్కించి, నరసాపురం వెళ్లి, తిరిగి వచ్చాను. సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకున్నాను.

నేనూ ఒక టార్క్ రెంచ్ కొన్నాను. మలికిపురం, రాజోలు, అంతర్వేది చుట్టుపక్కల ఎవరికైనా కావాలంటే మెసేజ్ పెట్టండి, బండి దగ్గరికే తెచ్చి ఇస్తాను.